ఆపదలో ముందుకురుకు వారి క్షేమము

గ్రామమున నెవరికైన నాపద వాటిల్లినపుడు వైద్యునికన్న ముందు చేరువారు ఇరుగుపొరుగువారే. 108 అంబులెన్సు సేవ నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15వ తేదీన ప్రారంభమైనది. ఆ బండి వచ్చులోపల ప్రాణమును నిలుపు భారము మన యువకులదే. అయితే రక్షింపబోయినవారే బలియగుట తరచుగా వినుచున్నాము.

బావి సంగతి చూడుడు. పూడిక తీయుటకు దిగినవాడు లోన పడిపోవును. వానికొరకు తమ్ముడు దిగును, తమ్మునికొరకు పొరుగువాడు దిగును. ఒక్కరు పోవలసినచోట ముగ్గురు పోవుదురు. ముందుగా దీపము దించి చూచుట మన పెద్దల వాడుక. దీపమారినచో దిగరాదనుట నిజమే. ఆరలేదు గదా యని దిగుట మాత్రము పొరపాటు. బావిలో ఆయిలు ఇంజను నడచినచో వెలువడు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, దీపము నార్పదు. కుళ్లిన మురుగునుండి పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టును; విషము హెచ్చినకొలది ముక్కునకు ఆ కంపే తెలియకుండ పోవును. కంపు పోయినదని సంతసించినవాడు మరి పైకి రాడు. ఇక గోబరుగ్యాసు గుంటలో దీపము దించుట యనగా నిప్పు పెట్టుటయే.

కావున ఒకడు లోన కూలిన పిమ్మట శ్వాసయంత్రము లేనివాడెవ్వడును దిగరాదు. పైనుండి గాలి కొట్టించుచు 101కు గాని 112కు గాని ఫోను చేయవలెను. అసలు మొదట దిగువాడే నడుమునకు త్రాడు కట్టుకొని, పైన ఇద్దరిని నిలుపుకొనిన యెడల ఇంతవరకు రానేరాదు. త్రాడు కట్టుకొనుట పిరికితనమని నవ్వువారు మనలో లేకపోలేదు. వారిని బావి వద్దకు రానీయకుండుట మేలు.

క్లోరిపైరిఫాసు వంటి పురుగుమందు మీదపడి స్పృహ తప్పినవానిని రబ్బరు తొడుగులు లేక ముట్టరాదు. ఆ మందు చర్మము గుండను లోనికింకును. తడిసిన బట్టలు విప్పి, సబ్బునీటితో కడిగి, ఆస్పత్రికి చేర్చవలెను. నోటితో నోట గాలి యూదరాదు. ఈ తొడుగులును, మంచి త్రాడును సంఘపు గిడ్డంగిలో నుంచుటకగు వ్యయము స్వల్పము.

దేహము సంగతి యటుంచుడు. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెన పిదప దినముల తరబడి శవములను తొలగించిన సేవకులను లోకము కొనియాడినది. వారికి నిద్ర పట్టుచున్నదా యని అడిగినవారెందరు? అట్టి దృశ్యము చూచినవానికి నిద్ర పట్టకుండుట, చూచినదే మరల కన్నులముందు మెదలుట, చిరాకు, అన్నము సహింపకుండుట కలుగును. ఇది పిచ్చి కాదు, పిరికితనమును కాదు. పెక్కుమందికి కొన్ని వారములలో దానంతటదియే తగ్గును. జరిగినదంతయు చెప్పుమని నిర్బంధించుట మేలుకాదని నేటి వైద్యుల యభిప్రాయము. తానై చెప్పినపుడు వినవలెను. సారాతో మరపింప జూచుట కీడు. నెల గడచినను తగ్గనిచో వైద్యుని చూడవలెను. 2022లో ఏర్పడిన టెలీ మానస్ వారికి 14416 నంబరున తెలుగులోనే చెప్పుకొనవచ్చును.

శవమును మోసివచ్చినవానిని ఆ రాత్రి ఒంటరిగా చేనికి పంపకుడు. అతని నీటివంతు ఆ రెండు దినములును వేరొకరు చూచుకొనవచ్చును.