మెట్టదారులకు తగిన ఉక్కు సైకిలు

దిగువ అహోబిలము నుండి ఎగువ అహోబిలమునకు పోవు కొండదారి సుమారు ఎనిమిది కిలోమీటర్లు. ఆళ్లగడ్డకు పోవు రోడ్డు సుమారు 25 కిలోమీటర్లు. ఇవి గాక రైతునకు చేనిదారి యొకటి గలదు. అది వేసవిలో దుమ్ము, వానకాలమున నల్లరేగడి బురద. ఈ మూడు త్రోవలను ఒకే బండితో నెగ్గుకొని రావలసినవాడు సైకిలు కొనునప్పుడు రంగు చూచి మోసపోరాదు.

మోటారు సైకిళ్ల కాలమున ఈ వ్రాత యేల యని కొందరడుగవచ్చును. పెట్రోలు పోయకయే చేనికి పోయి వచ్చిన దినమున మిగిలిన పైకము ఎంతయో, అప్పు వాయిదాలు కట్టుచున్న ఇంటివారికి చెప్ప నక్కరలేదు.

నిరుడు మా వైపు సభ్యుడొకడు పాలు పోయుటకై సన్నని చక్రములును, వెనుక ఏడు పండ్లచక్రములును గల సైకిలును పట్టణమున కొనెను. తారురోడ్డుపై ఒంటిగా పోవువానికి అది మంచి బండియే. రెండు పాలక్యానులు తగిలించిన మూడవ వారమున వెనుక చువ్వలు తెగినవి. కారియరు సీటు కంబమునకు మాత్రమే బిగింపబడియున్నందున ఒక ప్రక్కకు ఒరిగినది. ఆ పూట పాలు నేలపాలయ్యెను. సరిపడు విడిభాగము వచ్చువరకు పది దినములు అతని భార్య క్యానులను నెత్తిన మోసినది. గేదె అప్పు వాయిదా ఆ నెల తప్పినది.

కాబట్టి మొదట బరువు సంగతి. యూరియా బస్తా 45 కిలోలు. మనిషి బరువు వేరు. కారియరు కాళ్లు తిన్నగా వెనుక ఇరుసునకు దిగవలెను. పాతరకపు పెద్ద సైకిళ్లలో ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 చువ్వలుండుట ఊరక కాదు. బరువు వెనుకనే గదా పడునది. ఉక్కు ఫ్రేము అధిక భారమునకు ముందుగా వంగి తెలుపును, పగిలినను ఇత్తడి పోసి అతుకు కమ్మరి మన చెంతనే దొరకును. అల్యూమినియము తేలికయే గాని, దానిని అతుకుటకు వేరు పరికరము, వేరు నేర్పు కావలెను.

ఇక కొలత. ఈ విషయమున నేనే తప్పు చేసితిని. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఠీవిగా నుండునని 24 అంగుళముల ఫ్రేము కొంటిని. నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళములు. అంగడివాడు వారింపలేదు, నేను అడుగనులేదు. ఒకనాడు రేగడి బురదలో చక్రము జారగా కాలు నేలకు అందక, మట్టి నమూనాల పెట్టెతో సహా పడితిని. సంచులన్నియు కలిసిపోయి, ఏ చేని మట్టి ఏదో తెలియక, మరల ఊరంతయు తిరుగవలసి వచ్చెను. ఈ కొలత పెడళ్ల ఇరుసు నుండి సీటు గొట్టము పైఅంచు వరకు తీయుదురు. పైకడ్డీకి ఇరుప్రక్కల రెండు కాళ్లు నేల నాని నిలుచుండినప్పుడు ఒకటి రెండు అంగుళముల సందు మిగులవలెను. నావంటి వారికి 22 అంగుళములే హెచ్చు. ఇంట ఆడవారు కూడ తొక్కుదురేని, పైకడ్డీ క్రిందికి వంగిన ఫ్రేము తీసికొనుడు. పంచె కట్టిన ముసలివారికిని అదియే సుఖము.

సీటుపై కూర్చుండి, అడుగున నున్న పెడలు మీద మడమ నుంచినచో కాలు తిన్నగా సాగవలెను. తొక్కునప్పుడు ముందరిపాద ముంచెదము గనుక మోకాలు కొంచెము వంగును. సీటు మరీ క్రిందనున్నచో సాయంకాలమునకు మోకాళ్లే చెప్పును.

ఎత్తుదారికి గేర్లు లేనిదే కాదనుకొనవలదు. 28 అంగుళముల చక్రమునకు ముందు 48 పండ్లు, వెనుక 18 పండ్లు ఉన్నచో పెడలు ఒక చుట్టు తిరిగిన బండి సుమారు 19½ అడుగులు పోవును. వెనుక 22 పండ్ల ఫ్రీవీలు వేయించినచో సుమారు 16 అడుగులే పోవును. వేగము తగ్గినను బస్తాతో ఎక్కుట సులభము. చైను పొడవు మాత్రము సరిచూపించుకొనవలెను. దిగునప్పుడు వేరు జాగ్రత్త: ఉక్కు రిమ్ము తడిసినప్పుడు బ్రేకు సరిగా పట్టదు. వానలో ఎగువ అహోబిలము నుండి బరువుతో వచ్చువారు దిగి నడిపించుకొని వచ్చుటే మేలు.

టైరునకును మడ్‌గార్డునకును నడుమ వ్రేలు దూరునంత సందు లేనిచో రేగడిమట్టి చక్రమును బిగించివేయును. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముండ్లు మనకు కొదువ లేవు. పంచరు వేయించునప్పుడు టైరు లోపల చేతితో తడిమి ముల్లు తీయనిచో మరునాడు మరల అదే పని. ఏ కొలత టైరు మీ ఊరి మరమ్మతువాని వద్ద వ్రేలాడుచున్నదో ఆ కొలత బండియే కొనుడు.

పేరుల సంగతి నేను హెచ్చుగా పట్టించుకొనను. మదరాసు చెంత అంబత్తూరున 1949లో టి.ఐ. వారును, 1951లో సోనీపతున అట్లాసు వారును, 1956లో లూధియానాలో హీరో వారును ఈ పని ప్రారంభించిరి. అట్లాసు వారి సాహిబాబాదు కర్మాగారము 2020లో మూతపడినది. ఆ పాత బండ్లు నేడును అమ్మకమునకు వచ్చుచుండును. అట్టిది కొనువారు ముందు చక్రము నెత్తి త్రిప్పి రిమ్ము ఊగుచున్నదేమో చూడవలెను. పెడలు కొయ్యను పట్టి అటునిటు కదపవలెను. ఫోర్కు మెడ వద్ద రంగు పగిలి సన్నని గీత కనబడిన, ఎంత చౌకయైనను వలదు. పైకము చెల్లించుటకు ముందు కారియరు మీద ఒక బస్తా కట్టి వీధి చివరి వరకు తొక్కి చూడుడు. అంగడివాడు నవ్వినచో నవ్వనిండు.