వర్చువల్ మెషీన్ బ్యాకప్ నుండి దస్త్రాల పునరుద్ధరణ: లాజికల్ వాల్యూమ్ సమస్యలు

తెలుగు, కన్నడ, మరాఠీలు కలిసే నారాయణఖేడ్ ప్రాంతంలో సేకరించిన పాటల ధ్వనిముద్రణలు పోతే, పాడినవారు మళ్లీ దొరకకపోవచ్చు. కనుక బ్యాకప్ ఉండటమే చాలదు. దస్త్రం తిరిగి రావాలి.

లినక్స్ సర్వర్లలో లాజికల్ వాల్యూమ్ ఒకటి లేదా అనేక డిస్కులు కలిసిన వాల్యూమ్ గ్రూపులో ఏర్పడుతుంది. అందువల్ల బ్యాకప్ డిస్కును జోడించినంత మాత్రాన దస్త్రాలు కనిపించకపోవచ్చు. కారణాలు ప్రధానంగా మూడు.

1. గ్రూపు క్రియాశీలం కాకపోవడం: దానిని ఆదేశంతో క్రియాశీలం చేయాలి.

2. గ్రూపులోని ఒక డిస్కు బ్యాకప్‌లో లేకపోవడం: అన్ని డిస్కులూ ఒకే సమయానికి చెందినవై ఉండాలి.

3. మూల యంత్రానికే నకలును జోడించడం వల్ల గుర్తింపులు ఒకటే కావడం: వేరే యంత్రంలో తెరవాలి, లేదా ‘వీజీఇంపోర్ట్‌క్లోన్’ ఆదేశంతో నకలు గుర్తింపులను మార్చాలి.

ఒక ధ్వనిముద్రణనైనా తిరిగి తెచ్చి విన్న తరువాతే ఆ బ్యాకప్‌ను నమ్మదగినదిగా పరిగణించాలి.