గేదె గుండెకు ఇనుపతీగ గండం

తొలి రోజుల్లోనే గుర్తిస్తే పశువు దక్కే అవకాశం

పూటకు నాలుగు లీటర్లు ఇచ్చే గేదె ఒక్కసారిగా లీటరుకు పడిపోతుంది. మేత వేస్తే మూతి తిప్పుకుంటుంది. నెమరు ఆగిపోతుంది. డొక్క ఉబ్బుతుంది. ఇంటివారు అజీర్తి అనుకుని వాము కషాయం పోస్తారు, ఆముదం పోస్తారు. కొన్ని ఊళ్లలో దిష్టి తీస్తారు, వాతలు కూడా పెడతారు. నాలుగు రోజులకు గేదె కాస్త తేరుకుని రెండు పరకలు నమిలితే గండం గడిచిందని ఊరుకుంటారు. కొన్ని వారాలు తిరిగేసరికి ముందుకాళ్ల మధ్య రొమ్ము భాగం నీరు దిగి వేలాడుతుంది. అప్పుడు ఆసుపత్రికి తోలుకుపోతే జబ్బు గుండెకు చేరిందని డాక్టరు చెబుతారు.

ఆ గేదె కడుపులో ఉన్నది అజీర్తి కాదు. మేతతో పాటు మింగిన ఇనుపతీగ.

పొట్ట నుంచి గుండెకు

పశువు మేతను నాలుకతో చుట్టి లాక్కుంటుంది. నమలకుండానే మింగి, తరువాత తీరిగ్గా నెమరు వేస్తుంది. అందుకే గడ్డిలో మేకు ఉన్నా, తీగముక్క ఉన్నా దానికి తెలియదు. బరువుగా ఉండే ఇనుము తేనెపట్టులా గదులు గదులుగా ఉండే రెండో పొట్టలోకి జారి అక్కడే నిలిచిపోతుంది.

ఈ పొట్టకు ముందు పల్చని పొర ఒకటి అడ్డంగా ఉంటుంది. దానికి అవతలే గుండె. ఈ పొట్టకూ గుండె సంచికీ మధ్య దూరం నాలుగు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ మొన కొంచెం కొంచెంగా ముందుకు గుచ్చుకుపోతుంది. చివరకు గుండె చుట్టూ ఉన్న సంచిలో దిగబడుతుంది. దాని వెంట పోయిన క్రిములతో అక్కడ చీము పడుతుంది. చీము, నీరు చుట్టూ నిండి నొక్కుతుంటే గుండె సరిగా కొట్టుకోలేదు.

నిండు చూడితో ఉన్న పశువుల్లోను, కొత్తగా ఈనిన వాటిలోను ఈ జబ్బు ఎక్కువగా బయటపడుతుంది. కడుపులో దూడ పెరిగి పొట్టను ముందుకు నెట్టడం, ఈనేటప్పుడు ముక్కడం వల్ల తీగ మరింత లోపలికి దిగుతుంది.

రైతు కనిపెట్టవలసిన గుర్తులు

మొదటి దశ నొప్పి దశ. పాలు ఒక్కరోజులోనే బాగా తగ్గిపోతాయి. కొద్దిపాటి జ్వరం ఉంటుంది. పశువు వీపు పైకి వంచి, ముందుకాళ్ల మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. కదలడానికి ఇష్టపడదు. గట్టు ఎక్కినా, పల్లానికి దిగమంటే మొరాయిస్తుంది. పడుకునేటప్పుడు, పేడ వేసేటప్పుడు మూలుగుతుంది. పళ్లు కొరుకుతుంది. ఉబ్బరం మందు పోస్తే తగ్గి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇంట్లోనే చూసుకోదగిన పరీక్ష ఒకటి ఉంది. పశువు మూపు మీది చర్మాన్ని రెండు చేతులా గట్టిగా పట్టి నొక్కాలి. ఆరోగ్యంగా ఉన్న పశువు వీపును కిందికి వంచుతుంది. లోపల తీగ గుచ్చుకుని ఉంటే వీపు వంచదు, మూలుగుతుంది. డాక్టర్లు రొమ్ము వెనుక పొట్ట కింద కర్ర అడ్డంగా పెట్టి, ఇద్దరి చేత పైకి ఎత్తించి కూడా ఈ మూలుగును వింటారు.

రెండో దశలో మెడకు రెండు పక్కలా నరాలు తాడులా ఉబ్బుతాయి. దవడ కింద, రొమ్ము దగ్గర నీరు దిగుతుంది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. ఈ గుర్తులు కనిపించాయంటే జబ్బు చాలా ముదిరినట్లే.

డాక్టరు ఎలా తేలుస్తారు?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పశువు గుండె నిమిషానికి సుమారు 50 నుంచి 80 సార్లు కొట్టుకుంటుంది. ఈ జబ్బులో 100 దాటుతుంది. స్టెతస్కోపు పెడితే గుండె చప్పుడు గోడ అవతలి నుంచి వస్తున్నట్లు మందంగా వినిపిస్తుంది. ఒక్కొక్కప్పుడు కుండలో నీళ్లు అల్లాడిన శబ్దం కూడా వస్తుంది.

ఇనుమును పసిగట్టే పరికరం మోగినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. ఎన్నో పశువుల పొట్టలో మేకులు ఉన్నా ఏ హానీ చేయకుండా పడి ఉంటాయి. తీగ ఉండటం వేరు, గుచ్చుకోవడం వేరు. అందుకే ఎక్స్‌రే తీసి తీగ ఎక్కడ, ఏ వాలున ఉందో చూస్తారు. స్కానింగుతో గుండె చుట్టూ నీరు ఎంత చేరిందో తెలుస్తుంది. అవసరమైతే సూదితో ఆ నీరు తీస్తారు. దుర్వాసనతో చీము వస్తే అనుమానం తీరినట్లే.

వాపు వచ్చిన ప్రతి పశువుకూ తీగ జబ్బే అనుకోరాదు. వానాకాలంలో వచ్చే గొంతువాపులో జ్వరం తీవ్రంగా ఉండి, గురక పెడుతూ ఒకటి రెండు రోజుల్లోనే పశువు పడిపోతుంది. కాలేయానికి జలగలు పట్టినా దవడ కింద నీరు దిగుతుంది. ఆవుల్లో అరుదుగా గుండెలో కంతి పెరిగినా మెడ నరాలు ఉబ్బి, రొమ్ముకు నీరు దిగుతుంది. వేటికి వైద్యం వాటిదే కనుక ఊహ మీద మందు పోయడం ప్రమాదం.

ఆపరేషను ఎప్పుడు?

తీగ ఇంకా పొట్టలోనే ఉండగా పట్టుకుంటే ఆపరేషను చేస్తారు. పశువును నిలబెట్టే, ఎడమ డొక్క దగ్గర మత్తు సూది వేసి కోస్తారు. పెద్ద పొట్టలో నుంచి చేయి పోనిచ్చి, తేనెపట్టు పొట్టలో వెతికి తీగను తీస్తారు. చీము మందులు వాడితే చాలా పశువులు కోలుకుని మళ్లీ పాలకు వస్తాయి. ఆసుపత్రికి పోయేలోగా ముందుకాళ్లు ఎత్తుగా ఉండేలా మట్టి వేసి కట్టివేయాలి. పరుగెత్తించరాదు.

చీము గుండె సంచిలో నిండాక పక్కటెముక తీసి శుభ్రం చేసినా బతికేవి తక్కువ. పాలకేంద్రం డబ్బుతో ఇల్లు గడుపుకునే కుటుంబానికి, ఆ గేదె మీదే అప్పు తెచ్చుకున్న రైతుకు ఆ కొన్ని వారాల ఆలస్యమే పెద్ద దెబ్బ.

కొట్టం దగ్గర జాగ్రత్తలు

ఇల్లు కట్టేచోట మిగిలిన సెంట్రింగు తీగను గడ్డివాము దరికి రానీయరాదు. పాత టైర్లు కాల్చితే రబ్బరు పోయి సన్నని ఉక్కుతీగలు మిగిలి మట్టిలో, మేతలో కలుస్తాయి. పశువులు తిరిగేచోట టైర్లు కాల్చరాదు. కుడితి తొట్టిలో సూదులు, పిన్నులు, గిన్నెలు తోమే ఇనుప పీచు పడకుండా ఇంటి ఆడవారు చూసుకోవాలి. ఆ పని పిల్లలకు అప్పగిస్తే వారికీ చెప్పి ఉంచాలి. తవుడు, చిట్టు జల్లించి పెట్టాలి. చొప్ప కోసే మిషను దగ్గర అయస్కాంతం అమర్చితే ఇనుపముక్కలు దానికే అంటుకుంటాయి. పశువు చేత మింగించే అయస్కాంతం కూడా ఉంది. అది పొట్టలోనే ఉండి ఇనుమును పట్టి ఉంచుతుంది. డాక్టరు చేతనే వేయించాలి.

పాలు ఒక్కసారిగా తగ్గి, పశువు వీపు వంచి మూలుగుతుంటే వాపు వచ్చేదాకా ఆగకుండా దగ్గరి పశువైద్యశాలకు కబురు చేయాలి. 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు. ఎక్స్‌రే, స్కానింగు, పెద్ద ఆపరేషను అవసరమైతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. పాలు ఏ రోజు నుంచి తగ్గాయి, ఉబ్బరం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నో నెల చూడి అనేవి రైతు గుర్తుపెట్టుకుని చెబితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.