ప్రజారోగ్య పట్టము ఎవరివ్వవలెను?

బోదకాలు గోదావరి డెల్టాకు పాత చుట్టము. మురుగునీటిలో పెరిగే క్యూలెక్సు దోమ ఆ క్రిమిని ఇంటింటికి మోసుకొని పోవును. దీనికి మందు లేకపోలేదు. ఏటికొకసారి ఊరంతయు మాత్రలు మింగవలెను. అయితే ఒంట్లో ఏ బాధయు లేని మనిషి మాత్ర ఎందుకు మింగును? దీనికి సమాధానము గ్రంథములలో కంటె వీథులలో వెదకవలసి యున్నది.

అట్టి సమస్యను ఉద్యోగము చేయుచునే చేపట్టి పరిష్కారము చూపినవారికి కొన్ని దేశములలో ‘ప్రజారోగ్య డాక్టరు’ పట్టమిత్తురు. పిహెచ్.డి. కొత్త జ్ఞానమును కోరును. ఇది, పని జరిగినదా అని అడుగును.

మనకడ ఆ అధికారమెవరిది? 1958లో వెలసిన కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థులకు మొదట పట్టములిచ్చినది ఆంధ్ర విశ్వవిద్యాలయము. 1986లో విజయవాడలో ఆరోగ్య శాస్త్రముల విశ్వవిద్యాలయము ఏర్పడగా వైద్య పట్టముల అధికారము అటు చేరినది. ప్రమాణము ఒక్కటిగా నిలుచుటకు అది మంచిదే. కాని వేసవిలో కాలువలు కట్టివేసినపుడు ఊరి చెరువులో నిలువచేసిన త్రాగునీటిని కాపాడుట వైద్యుని ఒక్కని పనియా? ఇంజనీరు, పంచాయతీ ఉద్యోగి, బడిపంతులు కూడ అందులో ఉన్నారు గదా!

కావున రాజమహేంద్రవరమున 2006లో నెలకొన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమునకు, విజయవాడ వారితో కలిసి ఈ పట్టమిచ్చు అధికారముండవలెనని మా అభిప్రాయము. పట్టముల పేర్లను నిర్ణయించునది, 1956 నాటి చట్టము ననుసరించి, విశ్వవిద్యాలయ నిధుల సంఘము. వారి సమ్మతియు కావలెను. తొలి అభ్యర్థులకు మాత్రల సంగతి, చెరువుల సంగతి, ఈ రెండే చాలును.