మీకు తెలుసా? ఇంజిన్ దీపం చెప్పేది సగమే

మస్కట్‌లోని అజైబాలో పాత కారు నడుపుతున్నారా? పసుపు ఇంజిన్ దీపం వెలగ్గానే సెన్సర్ కొనేయకండి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి అది తప్పనిసరి. స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. ఆ కోడ్ చెప్పేది లక్షణం, చెడిన భాగం పేరు కాదు.

ఉదాహరణకు పి0171 అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గిందని. ఆ సంగతి కనిపెట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సరే, పాపం దాన్నే ముందు మార్చేస్తారు! అసలు దోషం పగిలిన వాక్యూమ్ గొట్టానిదో, దుమ్ము పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్‌దో కావచ్చు. ఒమన్ ఎండకు రబ్బరు గొట్టాలు త్వరగా పెళుసెక్కుతాయి, ముందు వాటిని చూడమని మెకానిక్‌తో చెప్పండి.

నిజంగా సెన్సరే పోతే, ఘలాలోనో వాది కబీర్‌లోనో దుకాణాలకు వెళ్లేముందు 17 అక్షరాల ఛాసిస్ నంబరును, పాత సెన్సర్ మీది పార్టు నంబరును ఫొటో తీసుకోండి. ఒకే మోడల్ అయినా గల్ఫ్ కోసం చేసిన కారుకూ అమెరికా నుంచి దిగుమతైన కారుకూ సెన్సర్లు వేరుగా ఉండొచ్చు.

ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే మాత్రం సుల్తాన్ ఖాబూస్ రోడ్డు మీదైనా సరే, పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. గ్యారేజీ దాకా నడపొద్దు.