4.3 ఇంకొకరి ఇంట పెరిగే బిడ్డ: రెండు సంగీత చిత్రాలు, ఒక చట్టం

కన్నవారికి దూరంగా, వేరొకరి ఇంట పెరుగుతూ సంగీతంలో రాణించే పిల్లల కథలు పాశ్చాత్య సినిమాల్లో తరచు ఫోస్టర్ కేర్ చుట్టూ సాగుతాయి. తెలుగు సినిమాలో ఆ స్థానం గురువుగారి ఇంటిది. కె. విశ్వనాథ్ తీసిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడండి.

'శంకరాభరణం' (1980)లో తులసి తన కొడుకును శంకరశాస్త్రి దగ్గర శిష్యుడిగా చేరుస్తుంది. ఆమెపై జరిగిన అత్యాచారం వల్ల పుట్టిన బిడ్డ అతడు. చివరి కచేరీలో గురువు పాడలేక ఆగిపోతే పాటను అందుకునేది ఆ పిల్లవాడే. గురువు తన గండపెండేరాన్ని అతనికే ఇస్తాడు.

'స్వాతికిరణం' (1992) ఇందుకు పూర్తిగా భిన్నం. పిల్లలు లేని శారద గంగాధరాన్ని కన్నకొడుకులా చూసుకుంటుంది. ఆమె భర్త అనంతరామశర్మ పేరుపొందిన విద్వాంసుడే కాని, ఆ బాలుడి ప్రతిభను ఓర్వలేడు. అతడు కట్టిన బాణీలను తనవిగా చెప్పుకుంటాడు. కథ బాలుడి మరణం దాకా వెళ్తుంది. చాలామంది దీన్ని అసూయ కథగానే చూస్తారు, అది నిజమే. అయితే మన పాఠానికి ఇంకో ప్రశ్న ముఖ్యం. ఆ ఇంట్లో బిడ్డ ఎలా ఉన్నాడని బయటి నుంచి వచ్చి అడిగే బాధ్యత ఎవరిది? కథలో అలాంటివారు లేరు.

బాలల న్యాయ చట్టం, 2015లోని 44వ సెక్షన్ ఈ లోటును తీర్చడానికి ప్రయత్నిస్తుంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. భర్త పటాన్‌చెరులో షిఫ్టు పనికి వెళ్తాడు. తల్లిదండ్రులు లేని పద్నాలుగేళ్ల అమ్మాయిని పెంచడానికి ఆ దంపతులు ముందుకొచ్చారు. తెలిసినవాళ్లు తెచ్చి అప్పగిస్తే అది ఫోస్టర్ కేర్ కాదు. బాలల సంక్షేమ సమితి ఆ కుటుంబాన్ని పరిశీలించి, ఉత్తర్వు ఇవ్వాలి. దత్తతలా ఇక్కడ బిడ్డ వారి సంతానమైపోదు. చదువు, ఆరోగ్యం, పోషణ ఆ కుటుంబం బాధ్యత. సమితి ప్రతి నెలా తనిఖీ చేయాలి. సంరక్షణ సరిగా లేదని తేలితే బిడ్డను అక్కడి నుంచి తీసుకెళ్లాలి.

ఆ అమ్మాయికి హార్మోనియం వచ్చనుకుందాం. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి, ఆమె సాధన చేయాలి. సంగీతం గురించి చట్టంలో ప్రత్యేకంగా ఏమీ లేదు, కాని బిడ్డ సర్వతోముఖ శ్రేయస్సు చూడాలని ఉంది. నెలనెలా వచ్చే అధికారి తిండి, బడి గురించి మాత్రమే అడిగితే ఈ సంగతి బయటపడదు. "ఈ మధ్య ఏం వాయిస్తున్నావమ్మా?" అని అడిగితేనే తెలుస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: 'స్వాతికిరణం'లోని శారద నేడు 1098కు ఫోన్ చేస్తే, ఏ విషయాలు చెప్పాలి? ఐదు వాక్యాల్లో రాయండి.