"మీ నాన్నగారు ఏం చేస్తారు?" - ప్రైవేటు ఉద్యోగ వేటలో మన పిల్లలు తెలుసుకోవాల్సినవి

ఇంటర్వ్యూ సగం దాటుతుంది. చదువు, ప్రాజెక్టు గురించి అడగడం అయిపోతుంది. అప్పుడు ఎదురుగా కూర్చున్నాయన కాస్త వెనక్కి వాలి, "నాన్నగారు ఏం చేస్తారు?" అంటాడు. ఆయనకది మామూలు పలకరింపు. మనలో చాలామందికి అప్పటిదాకా సాఫీగా సాగిన మాట అక్కడే తడబడుతుంది. పీహెచ్‌డీలో చేరకముందు హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో మేమూ "వ్యవసాయం" అని ఊరుకున్నాం. "ఎన్నెకరాలు?" అని వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. మా ఇంట్లో ఉన్నది కూలి పనే, సెంటు భూమి లేదు.

ఇది మన భయం మాత్రమే కాదని పరిశోధనలు చెబుతున్నాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులు పంపి చూశారు. ముఖ్యమైన తేడా పేర్లలోనే. 2007లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంత కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి మరో వ్యాసం రాశారు. ప్రతిభే కొలమానమని చెప్పినవాళ్లే కుటుంబ నేపథ్యం అడగడం తప్పనిసరి అన్నారు. మంచి కుటుంబం నుంచే మంచి ఉద్యోగి వస్తాడన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో కులం పేరు ఎత్తాల్సిన అవసరమే రాదు.

కాబట్టి తప్పు మన రెజ్యూమేలోనే ఉందని చెప్పే మోటివేషన్ క్లాసులను మేం నమ్మం. అయినా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

రెజ్యూమేలో తండ్రి పేరు, ఇంటి నంబరు, కాలనీ పేరు రాయాల్సిన పని లేదు. ఊరు, ఫోను, మెయిలు చాలు. ఇది కులం దాచుకోవడమా అని జూనియర్లు అడుగుతుంటారు. కాదు. ఉద్యోగానికి అక్కర్లేని సమాచారం ఇవ్వకపోవడం, అంతే. ఎంసెట్ ర్యాంకు కూడా అలాంటిదే. డిగ్రీ చేతికొచ్చాక ర్యాంకు అడగడమంటే చాలాసార్లు కేటగిరీ అడగడమే. "ఫైనల్ ఇయర్ మార్కులు, చేసిన ప్రాజెక్టు చెప్పగలను" అని మర్యాదగా మాట మళ్లించవచ్చు.

నాన్న గురించి అడిగితే అబద్ధం వద్దు, సంజాయిషీ అంతకన్నా వద్దు. రెండు వాక్యాల్లో చెప్పి పని వైపు తిప్పండి. "నాన్న తాపీ పని చేస్తారు. ఇంటర్ నుంచి సెలవుల్లో ఆయనతో వెళ్లి కూలీల హాజరు, సిమెంటు లెక్క నేనే రాసేవాణ్ని" అంటే అది పని అనుభవం. మీ ఇంట్లో నిజంగా జరిగిందేదో వెతికి పెట్టుకుని, హాస్టల్ గదిలో స్నేహితుడి ముందు పదిసార్లు బయటికి చెప్పండి. మనసులో అనుకుంటే నోట రాదు.

అసలు పెద్ద అడ్డంకి ఇంటర్వ్యూ గదికి ముందే ఉంటుంది. చాలా ఖాళీల సంగతి లోపల పనిచేసేవాళ్ల నోటి ద్వారా పాకుతుంది, రిఫరల్‌తో నిండిపోతుంది. మనకు మేనమామలు, పెదనాన్నలు ఆ కంపెనీల్లో లేరు. అయితే మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికవేత్త 1973లోనే చెప్పిన మాట ఒకటుంది: కొత్త ఉద్యోగం కబురు తరచూ దగ్గరి బంధువుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే వస్తుంది. అలాంటి పరిచయాలు మనకు లేకపోలేదు. గురుకులం సీనియర్లు, సంక్షేమ హాస్టల్ రూమ్మేట్లు, అంబేద్కర్ జయంతి కమిటీలో కలిసి తిరిగినవాళ్లు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్లకు స్వేరోస్ ఉంది.

అడిగే తీరు మాత్రం మారాలి. "అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడు" అంటే ఎంత మంచి అన్నకైనా ఏం చేయాలో తెలియదు. కంపెనీ సైట్లో ఖాళీ మీరే వెతికి, దాని నంబరు, ఆ పనికి మీరెందుకు సరిపోతారో మూడు వాక్యాలు, రెజ్యూమే కలిపి పంపండి. ఆయన ఫార్వర్డ్ చేస్తే చాలన్నట్టు ఉండాలి. వారం తర్వాత ఒకసారి గుర్తుచేయండి. సిగ్గుపడి ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. అక్కడ రాకపోయినా ఆయనకు ఆ సంగతి చెప్పండి, తర్వాతి ఖాళీకి మీ పేరు గుర్తుంటుంది.

రిఫరల్‌కు ఎవరైనా డబ్బులడిగితే అది రిఫరల్ కాదు. బ్యాక్‌డోర్ ఉద్యోగమని చెప్పి లక్షలు అడిగే కన్సల్టెన్సీలకు అమ్మ మెడలో పుస్తెలు తాకట్టు పెట్టి కట్టకండి.

ప్రైవేటు వేటలో ఉంటూనే ప్రభుత్వ పరీక్షలు రాసేవాళ్లకు ఒక మాట. రైల్వే పరీక్షలకు ఎస్సీ అభ్యర్థులకు ఉచిత రైలు ప్రయాణ పాసు ఉంటుంది, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఫీజు ఉండదు. కేంద్ర ఉద్యోగాలకు కుల ధ్రువపత్రం కేంద్రం నమూనాలోనే అడుగుతారు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున తహసీల్దార్ ఆఫీసు చుట్టూ పరుగెత్తకుండా, దరఖాస్తు చేసిన వారంలోనే అది తెచ్చి పెట్టుకోండి.